శిరీష ఆపిన పేజీ

చనిపోయిన నా బిడ్డ శిరీష ఫోన్లో పుస్తకాలు శానా ఉండాయి. ఆ ఫోను చెడిపోతాందని, అవి నా ఫోన్లోకీ రావాలని ఈరోజు ప్రొద్దుటూరులో మొబైల్ అంగడికి పోయినా. అంగడాయన రెండు ఫోన్లూ కలిపి, కుదిరిందో లేదో చూద్దామని, బిడ్డ సగంలో ఆపిన పుస్తకాన్ని సర్రున చివరిదాకా తిప్పినాడు. రెండిట్లోనూ "పుస్తకం పూర్తి చేశారు, అభినందనలు" అని వచ్చింది.

"చూడక్కా, ఈడ తిప్పితే ఆడా తిరుగుతాది."

"నా బిడ్డ ఆపిన చోటు పాయె కదప్పా. ఎనక్కి తెచ్చియ్యి."

"దానికేముంది, ఏ పేజీనో చెప్పు."

అది ఆ ఫోనుకే తెల్సు, నాకు తెలీదు. నా బిడ్డ చదవలేకపోయిన పుస్తకాన్ని ఈయన ఒక్క వేలితో చదివేసినాడు, మహా పండితుడు. ఆ చోటు మళ్లా దొరికే దారి ఉంటే చెప్పండి. ఇంకో అంగడికి పొమ్మని మాత్రం చెప్పొద్దండి.