సిడోని వదిన చూపించిన గూళ్ళు

మా వదిన సిడోని గురించి చెప్పాలంటే ముందు ఆవిడ నడక గురించి చెప్పాలి. ఆటు వచ్చి నీళ్ళు మోకాళ్ళ కిందికి దిగగానే మా ఊరి ఆడవాళ్ళంతా రబ్బరు బూట్లు తొడుక్కుని, గడ్డి టోపీలు పెట్టుకుని, ఇనుప ఊచలు పట్టుకుని, ఒడ్డుకీ పగడపు దిబ్బకీ మధ్య ఉన్న సముద్రపు మడుగులోకి దిగుతారు. పగడపు రాళ్ళ కింద గూళ్ళు చేసుకుని దాక్కునే ఊరిత్‌ని, అంటే ఎనిమిది కాళ్ళ ఆక్టోపస్‌ని, ఊచతో పొడిచి బయటికి లాగుతారు. హిందూ మహాసముద్రంలో ఉన్న ఈ రోడ్రిగ్స్ దీవిలో మా వైపు వాళ్ళకి తిండీ బట్టా అదే. తక్కిన ఆడవాళ్ళు ఎక్కడికెళ్ళాలో అక్కడికి నడుస్తారు. మా వదిన తూర్పుకి వెళ్ళాలంటే ముందు పడమటికి నడిచేది.

ఎందుకంటే గూళ్ళు రహస్యం. మంచి గూడు ఒకసారి ఖాళీ అయినా మళ్ళీ ఇంకో ఊరిత్ వచ్చి చేరుతుంది. అలాంటి గూళ్ళని తల్లి కూతురికి చూపిస్తుంది కానీ తోడబుట్టినదానికి కూడా చూపించదు. మా వదిన ఈ విద్యలో ఆరితేరింది. ఖాళీ రాయి దగ్గర వంగి, ఊచతో తెగ కెలికి, "అబ్బ, జారిపోయింది!" అని గట్టిగా అరిచేది. నిజంగా దొరికేచోట మాత్రం పిల్లిలా వంగి, తీసి, నడుముకి కట్టుకుని వెళ్ళిపోయేది. అటు ఎవరైనా చూస్తే ఎండకి కళ్ళు తిరిగినట్టు నుదుటి మీద చెయ్యి పెట్టుకునేది. మా అన్న బతికున్న రోజుల్లో "నీ వదిన నాకు కూడా దారి చెప్పదురా, మొగుణ్ణి కూడా నమ్మదు" అని నవ్వేవాడు. ఆయన పోయాక ముగ్గురు పిల్లల్నీ ఆ ఊచ మీదే పెంచింది. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు చూడాలి ఆవిడ తల, పడవ ముందు కొయ్యలా నిటారుగా ఉండేది.

ఆ తల వంగిన సంగతి చెబుతాను.

ఓ జూలైలో నదేజ్ అనే పిల్ల దీవి ముఖ్యపట్టణం పోర్ట్ మాతురిన్ నుంచి సర్కారు తరఫున వచ్చింది. దీవికి ఉన్న ఆస్తి ఎంతో లెక్క రాయడం ఆ పిల్ల ఉద్యోగం. ఆస్తి అంటే భవనాలూ బ్యాంకులూ కాదట. మడుగు, పగడపు దిబ్బ, నీటి అడుగున పెరిగే గడ్డి, ఒడ్డున మడ చెట్లు. ఏడాది మొదట ఎంత ఉంది, ఎంత పెరిగింది, మనం ఎంత వాడుకున్నాం, చివరికి ఎంత మిగిలింది. నాకు నవ్వాగలేదు.

"ఏమ్మా, సముద్రానికి జమాఖర్చులు రాస్తావా? చేపలు వచ్చి సంతకాలు పెడతాయా?" అన్నాను. నేను పడవలు బాగుచేసేవాణ్ణి. నా షెడ్డులోకి వచ్చినవాళ్ళని ఏడిపించకుండా పంపను.

ఆ పిల్ల కోప్పడలేదు. "లెక్కలో ఉన్నదాన్ని ఎవరైనా పాడుచేస్తే అడగొచ్చు మావయ్యా. లెక్కలో లేనిదాన్ని తవ్వి పారేసినా అడిగే దిక్కుండదు" అంది.

ఆ మాట ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కూడా చెప్పింది. అందరూ తలలూపారు. మా మడుగులో ఎవరి వైపు వాళ్ళది. కాగితం లేదు గానీ అలవాటు ఉంది. నదేజ్ ఒక్కొక్కరితో వాళ్ళ వైపు నడిచి, ఊరిత్‌లు ఎక్కడ ఉంటాయో చూపించమని అడిగి, రాసుకుంది. మా వదిన కూడా రోజంతా తిప్పింది. మధ్యాహ్నం ఇంటికి తీసుకొచ్చి, మొక్కజొన్న రవ్వా ఎర్ర చిక్కుళ్ళూ వండి, నిమ్మకాయా మిరపకాయా వేసి ఊరిత్ కూర పెట్టింది. ఆ పిల్ల వేళ్ళు నాకుతూ తింది.

"ఇంత లేతది ఎక్కడ దొరికింది అత్తా? మీ వైపంతా ఖాళీగా ఉంది కదా!"

"పక్కూళ్ళో కొన్నాను తల్లీ. మా వైపు ఏముంది, రాళ్ళు తప్ప" అంది మా వదిన. ఇంకో గరిటె కూడా వేసింది.

ఆగస్టు వచ్చింది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఊరిత్‌ని ముట్టుకోకూడదు. అవి ఎదగడానికి వదిలేస్తారు. ఆ గడువులోనే పిడుగు పడింది. పర్యాటకుల పడవలు లోపలికి రావడానికి ఓ కంపెనీ మడుగులో లోతుగా కాలువ తవ్వుతుందట. ఎక్కడ తవ్వితే నష్టం తక్కువో చూడ్డానికి నదేజ్ లెక్కే తెప్పించుకున్నారు. ప్రాణం ఉన్నచోట ఆకుపచ్చ రంగు, లేనిచోట ఎరుపు. ఊళ్ళో సభ పెడుతూ, దానికి ముందురోజే ఆ పటం గోడకి తగిలిస్తే, మా ఊరి ముందు మడుగంతా కోసిన పుచ్చకాయలా ఎర్రగా ఉంది. కాలువ గీత సరిగ్గా మా వదిన వైపు నుంచి వెళ్తోంది.

సభకి వెళ్ళే ముందే ఆవిడ నా షెడ్డుకి వచ్చింది. కూచోమంటే కూచోలేదు.

"మరిదీ, నేను ఆ పిల్లకి చచ్చిన గూళ్ళు చూపించాను."

"అంటే?"

"అంటే ఏముంది! ఇరవై ఏళ్ళుగా కాలు కూడా పెట్టని రాళ్ళన్నీ తిప్పి చూపించాను. మంచివి చూపిస్తే రాసుకుంటుంది, రాసుకుంటే నలుగురికీ తెలుస్తుంది అనుకున్నాను. నా నోటితో నేనే నా మడుగుని చంపేశాను."

నాకు ఒళ్ళు మండింది. "అన్నం పెట్టి మరీ అబద్ధం చెప్పావా వదినా? ఆ పిల్ల ముఖం చూసి ఎలా చెప్పగలిగావు?" అన్నాను.

ఆవిడ టోపీ తీసి చేతుల్లో నలిపింది. అంతటి మనిషి నా ముందు చిన్నపిల్లలా నిలబడితే నాకే సిగ్గేసింది, అన్న మాట వెనక్కి తీసుకోలేక సుత్తి కోసం వెతుకుతున్నట్టు నటించాను.

సభలో మాత్రం ఆడవాళ్ళు నదేజ్‌ని ఉతికి ఆరేశారు. అందరికంటే ముందు జర్మెన్. ఆవిడ నోటికి ఊరంతా దండం పెడుతుంది.

"పుస్తకాలు చదివిన పిల్ల కదా, ఊరిత్ గూటికీ ఎలక కన్నానికీ తేడా తెలియలేదు పాపం!"

"ఫ్యాన్ కింద కూచుని రంగులేసిందమ్మా. ఎర్ర పెన్సిలు ఎక్కువ మిగిలినట్టుంది!" అంది ఇంకొకావిడ.

నదేజ్ లేచి, "మీరు చూపించిందే రాశాను పిన్నీ" అంది.

"మేం చూపించామట! విన్నారా? మా నోటి కాడ కూడు మేమే తీసి పారేసుకున్నామట!" అని జర్మెన్ చేతులు తిప్పేసరికి అంతా గొల్లున నవ్వారు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాగితాలు సర్దుకునే వంకతో తల దించుకుంది.

అప్పుడు మా వదిన లేచింది.

"ఆ పిల్లనేమీ అనకండి. నేనే అబద్ధం చెప్పాను. నా గూళ్ళు దాచుకుని ఉత్త రాళ్ళు చూపించాను. నా ఇంట్లో తిని, నా మాట నమ్మింది. తప్పు నాది." ముఖం కందగడ్డలా అయిపోయింది. చర్చిలో కూడా వంగని ఆ తల గుండెల మీదికి వాలిపోయింది.

"ఛీ ఛీ! ఊరి పరువు తీశావు కదే అక్కా!" అంది జర్మెన్.

నదేజ్ కళ్ళు తుడుచుకుంది. తిట్టలేదు. "మళ్ళీ చూపిస్తే మళ్ళీ రాస్తాను అత్తా" అని, తక్కినవాళ్ళ వైపు తిరిగింది. "ఇంకెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. ఏమీ అనుకోను. ఇప్పుడైతే దిద్దుకోవచ్చు. అటు వైపు కూడా అంతా ఎరుపే ఉంది."

అంతా తేలు కుట్టిన దొంగల్లా కూచున్నారు. ఒకావిడ గోళ్ళు చూసుకుంటోంది, ఒకావిడ జాకెట్టు గుండీ తిప్పుకుంటోంది. జర్మెన్‌కి అప్పుడే దగ్గొచ్చింది. నేను నా భార్య ఫిలోమెన్ వైపు చూశాను. ఆవిడ నా బూట్ల వైపు చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వచ్చాక అడిగాను. "నువ్వు కూడానా?"

"నేను కూడా అయితే ఏమిటట?" మొక్కజొన్న కంకులు ఒలుస్తూ తల ఎత్తకుండా అంది. "గూళ్ళు చూపిస్తే మర్నాడు ఊరంతా నా వెనకే పడుతుంది. మీ వదినకి పిచ్చి పట్టింది, నాకు పట్టలేదు. అయినా కాలువ ఆవిడ వైపు కదా, నా వైపు కాదుగా!"

"ఆవిడ వైపు పచ్చగా మారితే కాలువ ఎటు పోతుందే?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం. నువ్వు వెళ్ళి నీ పడవలు చూసుకో."

నేను వెళ్ళి నా పడవలే చూసుకున్నాను. నదేజ్ దగ్గరికి వెళ్ళి "మా ఇంట్లో కూడా అబద్ధం చెప్పారు" అని నేనైనా అనొచ్చు. అనలేదు. పెళ్ళాన్ని నలుగురిలో నిలబెట్టడానికి నోరు రాలేదు.

రెండోసారి లెక్క రాసిన రోజు మా వదిన తిన్నగా నడిచింది. ఇంటి దగ్గర నుంచి సూటిగా తూర్పుకి. ఒక్కో రాయి దగ్గర ఆగడం, వంగడం, నదేజ్‌ని పిలిచి వేలితో చూపించడం. నదేజ్ నీళ్ళల్లో ముఖం పెట్టి చూసి, ప్రతిసారీ తల ఊపి రాసుకుంటోంది. ఒడ్డు మీద మా ఊరి ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. బట్టలు ఆరేయడానికని ఒకరు, మేకని వెతకడానికని ఒకరు. చేతులు ఏ పనిలో ఉన్నా కళ్ళు మాత్రం మా వదిన ఎక్కడ వంగుతోందో అక్కడే ఉన్నాయి. ఆవిడకి తెలుసు. ఒకసారి వెనక్కి తిరిగి అందరినీ చూసింది కూడా. మళ్ళీ వంగింది. తల్లి చూపించిన గూడు, తల్లికి అమ్మమ్మ చూపించిన గూడు, అన్నీ ఊరందరి ముందూ విప్పి చూపించేసింది. బట్టలు విప్పుకుని నిలబడ్డా అంత సిగ్గుపడేది కాదేమో.

పటం మారింది. ఆవిడ వైపు పచ్చబడింది. ఎర్రగా మిగిలినచోటికి కాలువ జరిగింది. జర్మెన్ వైపు నుంచి మొదలై మా ఫిలోమెన్ వైపు మీదుగా. అప్పుడు ఇద్దరూ ఏడుస్తూ నదేజ్ ఆఫీసుకి పరిగెత్తారు. సంతకాలు అయిపోయాయన్నారు అక్కడ. నిషేధం ఎత్తేసేలోపే యంత్రం వచ్చింది. పగడాలు పెళ్ళలు పెళ్ళలుగా లేచి పడ్డాయి. ఆ వైపు నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి.

అక్టోబరులో మడుగు తెరిచిన రోజు నేను ఒడ్డునే ఉన్నాను. మా వదిన ఎప్పటి వేళకే ఊచ పట్టుకుని వచ్చింది. వచ్చేసరికి ఆవిడ వైపంతా టోపీలే. నీళ్ళు పూర్తిగా దిగకముందే ఊరు ఊరంతా దిగిపోయింది. ప్రతి రాయి దగ్గరా ఒక మనిషి. అందరి వీపులూ ఒడ్డు వైపే. మా ఫిలోమెన్ కూడా ఉంది. నన్ను చూసి టోపీ ముఖం మీదికి లాక్కుంది.

వదిన మోకాలి లోతు నీళ్ళల్లో ఆగిపోయింది. వంగడానికి ఆవిడకి ఒక్క రాయి కూడా మిగల్లేదు.

జర్మెన్ ఓ మూల తంటాలు పడుతోంది. ఎంత పొడిచినా ఏమీ రావడం లేదు. చివరికి తల తిప్పకుండానే అడిగింది. "సిడోని అక్కా, దీనికి నోరు ఎటుంది?"

మా వదిన వెళ్ళింది. పక్కన వంగి, "ఇటు నుంచి పెట్టాలి. మెల్లగా" అని చెప్పి, చెయ్యి పట్టుకుని చూపించింది. పెద్దదే వచ్చింది. జర్మెన్ నోట థాంక్స్ అనే మాట కూడా రాలేదు.

ఒడ్డుకి వచ్చి నా పక్కన కూచుంది. నేను పళ్ళు పటపటా కొరికాను. "సిగ్గు లేని జాతి! వెళ్ళి ఒక్కొక్కత్తినీ కడిగేస్తాను వదినా."

"ఎవరిని కడుగుతావు, నీ పెళ్ళాన్నా?" అని నవ్వబోయింది, రాలేదు. "అబద్ధం చెప్పినప్పుడు అందరం కలిసే చెప్పాం మరిదీ. తోడుండేది. ఒప్పుకున్నాకే ఒంటరిదాన్ని అయిపోయాను."

ఆటు ముగిసి పోటు మొదలైంది. ఆడవాళ్ళు బరువైన ఊరిత్ గుత్తులతో బయటికి వస్తున్నారు. మా ఇంటికి దారి మేం కూచున్న చోటు మీదుగానే. ఫిలోమెన్ కొంత దూరం వచ్చింది, మమ్మల్ని చూసింది, ఆగింది. తర్వాత పక్కకి తిరిగి, మడ చెట్ల మధ్య బురదలోకి దిగి, చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. మా వదిన అది చూసి కూడా చూడనట్టు నీళ్ళ వైపు తిరిగింది.

నేను ఇంటికి వెళ్ళేసరికి ఫిలోమెన్ పెరట్లో కూచుని, మోకాళ్ళ దాకా అంటిన బురద కడుక్కుంటోంది. ఎంత తోమినా పోవడం లేదు. తల ఎత్తలేదు. నేను ఇంకో బకెట్టు నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను.