దాంపత్యం: సాధారణం

మంచిర్యాల కొత్త జిల్లా అయిన మరుసటి వేసవిలో నన్ను కరీంనగర్ నుంచి అక్కడి ఒక కుటుంబ సలహా కేంద్రానికి సీనియర్ కౌన్సెలర్‌గా బదిలీ చేశారు. అప్పటికే ఆ పనిలో నా జుట్టు నెరిసింది. భార్యాభర్తల తగాదా కోర్టుకెక్కక ముందే ఇద్దరినీ పిలిపించి, విని, నివేదిక రాయడం మా పని. పద్ధతి ప్రకారం మొదట ఒక్కొక్కరితో విడిగా, తలుపు మూసి మాట్లాడాలి. తర్వాత ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాలి. పెద్దమనుషుల వంతు అన్నిటికన్నా చివర.

నివేదిక ఫారంలో ‘దాంపత్య సంబంధం’ అని ఒక గడి ఉండేది. అంటే వాళ్ల శరీర సంబంధం ఎలా ఉందని. ఆ సంగతి నేను ఎవరినీ అడిగేవాణ్ణి కాదు. సిగ్గు. ‘సాధారణం’ అని రాసేసి కింది గడికి దిగిపోయేవాణ్ణి. ఇన్నేళ్ల సర్వీసులో ఎన్ని ఫారాల్లో అలా రాశానో తలుచుకుంటే నా మీద నాకే కంపరం పుడుతుంది.

ఆ వేసవిలోనే రజిత, శ్రీకాంత్‌ల ఫైలు వచ్చింది. శ్రీకాంత్ సిరిసిల్ల దగ్గర మరమగ్గాల మీద పనిచేసే నేత కుటుంబం పిల్లవాడు, ఇరవై ఆరేళ్లు. రజిత మంచిర్యాల పిల్ల, ఇరవై రెండేళ్లు, డిగ్రీ చదివింది. పెళ్లయిన మూడు నెలలకే పుట్టింటికి వచ్చేసి, మళ్లీ వెళ్లలేదు. కాపురానికి పంపించమని అబ్బాయి తరఫువాళ్ల దరఖాస్తు. కొట్టాడని లేదు, తాగాడని లేదు. కారణం రాయాల్సిన చోట ‘తెలియదు’ అని ఉంది.

పిలిచిన రోజు వరండా నిండా జనం. కులపెద్దలు ముందే మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఇద్దరినీ వేములవాడ తీసుకెళ్లి కోడె మొక్కు చెల్లించాలి, అంటే దంపతులు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయాలి. అటు నుంచి అటే పిల్లను అత్తగారింటికి తోలాలి. నేను ఊఁ అంటే చాలు. నాకూ హాయిగానే తోచింది. పెద్దల మాట ముందు విని, విడి విచారణ లాంఛనంగా పెట్టాను.

పెళ్లికి ముందు అబ్బాయితో మాట్లాడావా అని రజితను అడిగాను.

“నిశ్చయమైనంక ఒక్కసారి ఫోన్ జేసిండు సార్. మా బాపు ఫోన్ గుంజుకున్నడు. పెండ్లయినంక కావలసినంత మాట్లాడుకోండ్రి అన్నడు.”

మొదటి రాత్రి తప్ప అత్తగారింట్లో ఉన్నన్నాళ్లూ అత్త పక్కనే పడుకునేదాన్నని, ఆయన గదిలోకి వెళ్లాలంటే భయమేస్తుందని తల వంచుకుని చెప్పింది. ఆ మొదటి రాత్రే ఏదో జరిగిందని నాకు అర్థమైంది. అర్థమైనవాడు అడగాలి కదా! నేను మాత్రం, అలవాటవుతుందమ్మా, ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి అన్నాను.

“ఎవలకు అలవాటయితది సార్?” అంది.

ఆ పిల్లకు కావలసింది ఒక్కటే: భయం పోయేదాకా తనను బలవంతపెట్టొద్దని రెండు ఇళ్లవాళ్లకూ ఎవరైనా గట్టిగా చెప్పడం. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పలేదు.

శ్రీకాంత్‌ను అడిగితే “ఏం గాలే సార్” అన్నాడు. లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. “సార్, ఒక్కటి అడుగాల్నా?” అన్నాడు. అతని ముఖం చూస్తే ఏ సంగతో తెలిసిపోయింది. తర్వాత చూద్దాంలే బాబూ అని, పెద్దలను లోపలికి పంపమని బెల్లు కొట్టాను. గడిలో ‘సాధారణం’, నివేదిక చివర ‘రాజీ కుదిరింది’. సంతకం, ముద్ర. రెండు పక్షాలకూ చెరో నకలు.

వానాకాలం ముగిసేసరికి శ్రీకాంత్ ఒక్కడే వచ్చాడు. సగానికి సగం చిక్కిపోయాడు.

“వేములవాడల కోడె నన్ను గుంజుకపోయింది సార్. చెప్పు ఊడిపోయింది. రజిత నవ్వింది. పెండ్లయినకాంచి నన్ను జూసి నవ్వుడు గదే మొదలు. ఇద్దరం కూసోని మస్తు ముచ్చట పెట్టుకున్నం. గట్లనే కొన్నొద్దులు ఉండనిస్తే మంచిగుండు.”

ఉండనివ్వలేదు. ఇంటికి చేరగానే, ఆఫీసులో రాజీ అయింది కదా అని ఇద్దరినీ గదిలోకి పంపి బయట గొళ్లెం పెట్టారు. అతను ఆమెను ముట్టుకోలేదట, గోడవారగా కూర్చున్నాడట. “గొళ్లెం నువ్వే పెట్టిపిచ్చినవా?” అని మాత్రం అడిగిందట రజిత. కాదన్నా నమ్మలేదు. తెల్లారి పుట్టింటికి వెళ్లిపోయింది. నెల తిరగకుండా పెద్దలు విడాకుల కాగితం రాయించారు. కోర్టులో అది చెల్లదు, కులంలో చెల్లింది. ఆసిఫాబాద్ వైపు రజితకు మరో సంబంధం కూడా ఖాయమైందట. ఈసారీ ఫోన్ ఇవ్వలేదట.

ఆ రోజు ఏం అడగాలనుకున్నావని అడిగాను.

“ఫోన్ల గా వీడియోలల్ల జూసిందే నిజమనుకున్న సార్. మొదటి రాత్రి ఆమె ఏడుస్తుంటె గూడ నాకు సమజ్ గాలే. మాఫీ ఎట్ల అడగాలె అని మిమ్ముల అడుగుదామనుకున్న. బాపును అడుగలేను, దోస్తులను అడిగితే నవ్వుతరు. ఇంకెవల్ని అడుగుత?”

అప్పుడైనా ఏదో ఒకటి చెప్పాల్సింది. ముప్పై ఏళ్లు కాపురం చేసి, నీకిష్టమేనా అని నా భార్యను ఒక్కసారి కూడా అడిగినవాణ్ణి కాదు. ఇక అతనికేం చెబుతాను, నా బొంద!

అతను వెళ్లాక రజిత తండ్రికి ఫోన్ చేశాను. అమ్మాయికి భయం ఉంది, ఈ పెళ్లి కొన్నాళ్లు ఆపండి అన్నాను. ఆయన కోప్పడలేదు. “మీరు రాసిన కాయిదంల అంత మంచిగనే ఉన్నదని ఉన్నది గద సార్. పిల్లల ఏ లోపం లేదని అదే జూపిచ్చి సంబంధం ఖాయం జేసుకున్నం. మల్ల గిప్పుడు భయమంటరేంది?” అన్నాడు. కార్తీకంలో ఆ పెళ్లి అయిపోయింది.

ఈ ఉదంతం వల్ల నేను తెలుసుకున్నది ఇంతే. కాపురం నిలబెట్టే ముందు, ఒకరి దగ్గర ఒకరికి భయమేమైనా ఉందా అని ఆ ఇద్దరినీ విడివిడిగా అడగాలి. అది అడగడానికి నోరు రానివాడు ఆ కుర్చీ ఖాళీ చేయాలి. నేను చేయలేదు. రిటైరయ్యేదాకా అందులోనే కూర్చున్నాను.