డోప్పా పెట్టిన ఫిలిం

“హీరో యాడ?” అంటూ మా నాయన ల్యాబ్ గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే, గాజు పలకలు కడుగుతున్న నా చేతిలోది జారి సింకులో పడింది. మనం ఫోనులో ఏం చెబితే అవతలివాళ్లకు అదే వినబడుతుందని నమ్మే వయసు నాది అప్పుడు.

ముందురోజు జరిగింది ఇదీ. వేలూరు బాగాయంలో పిన్ని ఇంట్లో ఉంటూ అక్కడి కాలేజీ ల్యాబ్‌లో కొత్తగా పనికి చేరిన నేను, మా ఊరు గుడియాత్తంలో మగ్గం చప్పుడు మధ్య ఫోనెత్తిన అమ్మకు గొప్పగా చెప్పాను: “ఈ పొద్దు ఫిలింకి మాంగనీసు డోప్ చేసినారుమా, ఎండేదాకా నేనే కావలి.” అమ్మ చెవిన పడినవి రెండే: ఫిలిం, డోప్పా. (మా పక్క డోప్పా అంటే వేషాలు కట్టేవాళ్లు పెట్టుకునే విగ్గు.) సాయంత్రానికల్లా మా వీధంతా నన్ను సినిమాలో చేర్చేసింది. తెల్లారగానే నాయన మగ్గం ఆపి, నన్ను ఇంటికి లాక్కుపోవడానికి బస్సెక్కాడు.

నాకు ఏడుపొచ్చేసింది. పదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఈ పని పోతే మళ్లీ ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టుకోవడమే. ల్యాబ్‌లో పరిశోధన చేసే అక్క (చిత్తూరు పక్కామె, తెలుగు వచ్చు కాబట్టి బతికిపోయాను) నాయనను స్టూలు మీద కూర్చోబెట్టి, నల్లటి పూత ఉన్న పలక చేతికిచ్చింది. ఫిలిం అంటే ఈ పూతేనని, ఇది కరెంటును గబుక్కున మింగి గబుక్కున కక్కుతుందని, ఇంకో లోహం రవ్వంత కలిపితే ఎక్కువ దాచుకుంటుందని, ఆ కలపడమే డోపింగని చెప్పింది. నాయన పలకను వెనక్కి తిప్పి కూడా చూశాడు, విగ్గు అక్కడేమైనా ఉందేమోనని.

అక్క అలాంటి పలకలు కొన్నిటిని జతలు జతలుగా ద్రావణంలో ముంచి, కరెంటు తాగించి, చిన్న ఎర్ర బల్బుకు తగిలించింది. వెలిగింది. ముగ్గురం దగ్గరికి వంగాం. ఆరిపోయింది.

“ఇంతేనా సినిమా?” అన్నాడు నాయన.

“ఇంకా పొడుగుది తీయాలనే చూస్తా ఉండాము నాయనా,” అంది అక్క. “పలక మీద మరకుంటే ఇది కూడా రాదు. మీ పాప కడిగితే మరకుండదు.”

నాయన స్టూలు దిగి గడప దగ్గరికి పోయాడు. చెప్పులు వేసుకుంటూ నా వైపు తిరిగాడు. “నూలుకు గంజి పెట్టినట్టే ఉండాదే ఇది. ఆత్రపడి తీసేయొద్దు. బాగా ఎండనీ.”

ఇంటికి రమ్మన్నాడో ఇక్కడే ఉండమన్నాడో అర్థం కావడానికి నాకు ఆయన బస్సు కదిలేదాకా పట్టింది. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. మర్నాడు పొద్దున అందరికంటే ముందే ల్యాబ్‌కి పోయి, నాయన మగ్గానికి చేసినట్టే, ఫిలింలు ఎండే ఓవెన్ తలుపుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కళ్లకద్దుకున్నాను.