ఒక్క రాక్ పాటకు ఓ తెలుగు పుస్తకం

ఒకే ఒక్క రాక్ పాట మీద తెలుగులో మొత్తం పుస్తకం రాసినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే. ప్రపంచమంటే ఇక్కడ బాపట్ల, తెనాలి, రేపల్లె. అవతల ఇంకెవరైనా రాశారేమో నేను వాకబు చెయ్యలేదు. పుస్తకం కూడా తలకింద దిండులా పెట్టుకునేంత లావు. సరే, దిండు కాదు. పంచాంగం కంటే కాస్త పలచన.

ఎనభైల్లో నేను బాపట్లలో ఇంగ్లీషు మేస్టర్ని. మా ఆవిడ అన్నగారు రేపల్లె చర్చిలో కీర్తనలు పాడే క్వయర్ నడిపేవాడు. దొరలు మిషన్ బంగళా ఖాళీ చేస్తూ పాత సామాన్లు వేలం వేస్తే, కీర్తనలై ఉంటాయని ఒక క్యాసెట్ కొన్నాడు. అందులో కీర్తనలు లేవు. గిటార్లు, డ్రమ్ములు, ఒక వైపంతా ఒకటే పాట. “ఇంగ్లీషు మేస్టరువి కదా బావా, నువ్వే విను” అని నా చేతిలో పెట్టాడు.

మా టేప్ రికార్డరుకి కరెంటు వైరు పెట్టే చోటు ఎప్పుడో కాలిపోయింది. బ్యాటరీల మీదే నడిచేది. బ్యాటరీలు నీరసిస్తే కొత్తవి కొనే అలవాటు మా వీధిలో ఎవరికీ లేదు. డాబా మీద ఎండబెడితే వాటికి మళ్లీ కాస్త ప్రాణం వచ్చేది. వడియాల పక్కనే వాటినీ వరసగా పేర్చేవాణ్ణి.

“ఏవండీ, కాకి వడియాలు ఎత్తుకుపోతే మీకు పట్టదు. బ్యాటరీ దొర్లితే మాత్రం పరిగెత్తుకొస్తారు” అనేది మా ఆవిడ.

“బ్యాటరీల్ని కాకి కూడా ముట్టుకోదు కదే.”

“ముట్టుకున్నా బాగుండు. ఆ ముసలాయన గోల తప్పేది.”

ముసలాయనంటే ఆ పాట పాడే మనిషి. నూతిలోంచి వచ్చినట్టుండేది గొంతు. మాటలు ముద్దముద్దగా వచ్చేవి, ఇంగ్లీషు మేస్టర్నైన నాకూ ఒక్క ముక్క తెలిసేది కాదు. డ్రమ్ము చప్పుడు గేదె బురదలోంచి కాలు పీక్కుంటున్నట్టుండేది. ఒక దెబ్బ పడ్డాక రెండోది ఎప్పుడు పడుతుందో తెలిసేది కాదు. అన్నీ పోగొట్టుకున్న ఒక వృద్ధుడి శోకమిది అని నాకు వినగానే అర్థమైపోయింది. రాత్రులు నిద్ర మానేసి ఏడ్చాను. నిద్రపోయాను లెండి. ఏడవడం మాత్రం నిజం.

రెండు వేసవి సెలవులు కూర్చుని పుస్తకం రాశాను. గొంతుకో అధ్యాయం, డ్రమ్ముకో అధ్యాయం, వృద్ధుడి మౌనానికి ఏకంగా రెండు. బావ నాకన్నా ముందుకెళ్లాడు. తెనాలిలో పుస్తకం ఆవిష్కరణ రోజున తన క్వయర్ ఆ పాట పాడాలన్నాడు. నా టేప్ రికార్డరే పట్టుకెళ్లి, విని, వరస హార్మోనియం మీద పట్టి, మాటలు వినబడినట్టే రాసుకుని, అందరికీ నేర్పాడు. చెరుకుపల్లి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి నేర్చుకున్నవాళ్లున్నారు. వాళ్లు చర్చి బయట పాడబోవడం అదే మొదటిసారి.

ఆదివారం సభ అనగా గురువారం తెనాలి ప్రెస్సుకి వెళ్లాను. కాగితాలన్నీ అచ్చయిపోయాయి, కుట్టడమే మిగిలింది. ప్రెస్సు యజమాని టీ తెప్పించి, “ఇంత రాశారు కదండీ మేస్టారూ, ఆ పాటేంటో ఒకసారి వినిపించండి” అన్నాడు. క్యాసెట్ నా సంచీలోనే ఉంది. ఆయన టేప్ రికార్డరు కరెంటు మీద నడుస్తుంది.

పాట మొదలవగానే క్యాసెట్ మారిపోయిందనుకున్నాను. డ్రమ్ములు గుర్రాల్లా దౌడు తీస్తున్నాయి. పాడుతున్నది ముసలాయన కాదు, పడుచుపిల్ల. ఆ గొంతులో శోకం జాడే లేదు. పెళ్లి ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచే పిల్ల హుషారు. ప్రెస్సు యజమాని కాలు ఊగుతోంది.

“మేస్టారూ, మీ ముసలాయన ఎప్పుడొస్తాడండి?”

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టించాను. మళ్లీ ఆ పిల్లే వచ్చింది. అప్పుడు తెలిసింది. ఎండలో ఆరిన బ్యాటరీలకు టేపు తిప్పే సత్తువ చాలలేదు. అవి ఈడ్చుకుంటూ తిప్పితే ఆడపిల్ల గొంతు ముసలాయనదైంది, గంతులు కాస్తా ఏడుపయ్యాయి. నేను రాసింది పాట మీద పుస్తకం కాదు, బ్యాటరీల నీరసం మీద వ్యాఖ్యానం.

“తప్పొప్పుల పట్టిక ఒకటి వేద్దామండి” అన్నాడాయన, పెన్సిలు తీసి. “చెప్పండి.”

చెప్పాను. “ఈ పుస్తకంలో ‘వృద్ధుడు’ అని ఉన్న ప్రతిచోటా ‘అమ్మాయి’ అని, ‘శోకం’ అని ఉన్న ప్రతిచోటా ‘హుషారు’ అని చదువుకోగలరు.”

“మరి గేదెనేం చేద్దామండి?”

“గుర్రం చేసెయ్యండి.”

అక్కడ నవ్వుకున్నాం గానీ, రేపల్లె రైలెక్కాక నా నవ్వు పోయింది. పుస్తకం సంగతి సరే, నన్ను చూసి నవ్వడం మా వాళ్లకి కొత్త కాదు. క్వయర్ మాటేంటి? మొదటిసారి బయటికొచ్చి, పరాయి ఊళ్లో పాట మొత్తం తప్పు నడకలో పాడితే, వాళ్లు మళ్లీ ఎక్కడైనా నోరు విప్పుతారా?

ప్రెస్సాయన దగ్గర్నుంచి అడిగి తెచ్చిన టేప్ రికార్డరులో బావ ఇంట్లో పాట పెట్టాను. చివరిదాకా కదలకుండా విన్నాడు.

“ఆడపిల్లా?”

“ఆడపిల్లే బావా.”

“ఇన్నాళ్లూ నేర్పి ఇప్పుడిది కాదంటే, ఒక్కరు కూడా రైలెక్కరు.”

“పోనీ, పాట మానేద్దామా?”

“మానేస్తే జనం నీ ఉపన్యాసం ఒక్కటే వినాలి. వాళ్లేం పాపం చేశారు?” అని లేచిపోయాడు. ఏం చేస్తాడో చెప్పలేదు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. గోడలెక్కి చూశారు. గోడెక్కింది మేక. కుర్చీలు సగం నిండాయి, అందులోనూ చాలామంది మా చుట్టాలే.

మొదటి చరణం నేర్చుకున్నట్టే, ఈడ్చుకుంటూ పాడారు. జనం చావింటికి వచ్చినట్టు తలలు వంచుకున్నారు. రెండో చరణానికి బావ హార్మోనియాన్ని కాస్త తొందరపెట్టాడు. చర్చిలో జనం కీర్తన సాగదీస్తుంటే హార్మోనియంతో ముందుకు లాగడం ఆయనకు ప్రతి ఆదివారం ఉన్న పనే. ఆ చేతి వెంట పోవడం వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు. మూడో చరణానికి చప్పట్లు మొదలయ్యాయి. చివరికొచ్చేసరికి క్వయర్లో ఆడవాళ్లు పాడుతూనే నవ్వుతున్నారు, ప్రెస్సు యజమాని బల్ల మీద దరువేస్తున్నాడు, మా ఆవిడ తలూపుతోంది. అసలు పాటను దాటిపోయారని అందరికీ చెబుతుంటాను. దాటలేదు, అందుకున్నారు.

బావ చెమట తుడుచుకుంటూ, ఉపన్యాసానికి లేవబోతున్న నా వైపు వంగాడు.

“బావా, నీ ఉపన్యాసం కాసేపు ఆపు. వీళ్లు మళ్లీ పాడతామంటున్నారు. ఈసారి మొదటి నుంచే పరిగెత్తిస్తా.”

నేను కూర్చుండిపోయాను. వాళ్లు మళ్లీ ఎత్తుకున్నారు.