అత్త పుట్టినూరికి పడవలో

నాకు మొదటి కడుపు నిలవలేదు. ఆరో నెలలో పోయింది. ఆసుపత్రి నుంచి పెదబయలు తిరిగొచ్చాక నేనెవరితోనూ సరిగా మాట్లాడలేదు. అత్త ఏమీ అడిగేది కాదు. రాగి అంబలి గిన్నె పక్కన పెట్టి తన పనికి తాను పోయేది. ఒకరోజు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"బేగి తయారవ్వు. మా ఊరెల్దాం."

అత్త పుట్టినూరు జలాశయానికి అవతలి ఒడ్డున ఉంది. డ్యాం కట్టినప్పుడు పొలాలు మునిగిపోయాయి, ఇళ్లు మాత్రం గట్టు మీద మిగిలాయి. రోడ్డు రాలేదు, కరెంటు రాలేదు. ఒక్కో కుటుంబమే ఇవతలికి వచ్చేసింది. ఇప్పుడక్కడ ఎవరూ లేరు.

చేపలు పట్టే ఒకాయన తన నాటుపడవలో మమ్మల్ని ఎక్కించుకున్నాడు. నీళ్ల మీద ఇంకా మంచు ఉంది. జలాశయం నడిమికి వెళ్లాక అత్త చేయి నీళ్లలో ముంచింది.

"మా తాత పల్లపు పొలం దీని కిందే ఉండీదట."

ఒడ్డున దిగితే వీధి వీధిలాగే ఉంది. పైకప్పులు కూలి, ఎర్రమట్టి గోడలు నిలిచాయి. ఒక ఇంట్లో పొయ్యి మీదుగా గుమ్మడి తీగ పాకింది. అత్త తన పుట్టిల్లు చూపించింది కానీ ఆగలేదు. వెనక పెరట్లో పనసచెట్టు దగ్గర కూర్చుని ఎండుటాకులు చేత్తో తోసింది. కింద ఒక రాయి కనిపించింది.

"నా పెద్దగుంట ఇక్కడుంది."

పెద్ద కూతురట. అంతవరకు నా భర్తే ఆమె పెద్దబిడ్డ అనుకున్నాను.

"కాన్పుకొచ్చాను. పుట్టిన వారానికే జొరం. పడవ దొరికీసరికి అయిపోనాది. మీ మావ దాని మాటెత్తనిచ్చీవోడు కాదు."

"పేరు పెట్టారా అత్తా?"

"ఎవలూ ఎట్టలేదు. నాను మాత్రం ఒక పేరుతో పిలిసీదాన్ని."

ఆ పేరు నా చెవిలో చెప్పింది. ఇక్కడ రాయను, అది ఆమెది.

"నువ్వూ అనుకునుంటావు గదా. సెప్పు."

చెప్పాను. కడుపులో కదిలినప్పుడల్లా నేను పిలుచుకున్న పేరు. ఆసుపత్రిలో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. అత్త నా తల ఒళ్లోకి లాక్కుంది. చాలాసేపటికి లేచి, వాగులో అరిగిన నున్నటి రాయొకటి వెతికి తెచ్చి, ఆ రాయి పక్కన ఆనించి పెట్టింది.

"ఒక్కర్తీ ఉందని దిగులుగుండీది. ఇక తోడుంటాది."

పడవాయన ఒడ్డు నుంచి కేకేశాడు. "గాలి లేత్తంది, రండమ్మా!"

ఆ రాత్రి అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాను.

ఇప్పుడు నాకో కూతురుంది. పోయిన శీతాకాలం దాన్నీ పడవెక్కించాం. దిగగానే ఆ ఖాళీ వీధి పొడవునా పరుగు తీసింది. "పడిపోతావే గుంటా!" అని అరుస్తూ, కొంగు బిగించి, అత్త దాని వెనకే పరుగెత్తింది.