ఆరు నెలల్లో పెరిగిన తాటిచెట్టు

1959లో నేను కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి కంటి విభాగంలో రిఫ్రాక్షనిస్టును. అంటే చూపు పరీక్షించి అద్దాల నంబరు రాసేవాణ్ణి. భౌతికశాస్త్రం చదివినవాణ్ణి కనుక, ఎవరు ఏమి చెప్పినా కొలిచి చూడనిదే నమ్మే అలవాటు లేదు.

ఆ చలికాలంలో చొప్పదండి వైపు నుంచి మల్లయ్య అనే కల్లుగీత కార్మికుడు భార్య లచ్చవ్వతో వచ్చాడు. ఆరు నెలల క్రితం తాటిచెట్టు మీది నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గాని కుంటు మిగిలింది.

“సారూ, తాటిచెట్లు పెరిగినయ్. నిరుడు గింత పొడుగు లేకుండె. నా కండ్లు ఖరాబైనయ్, జర అద్దాలియ్యుండ్రి.”

“చెట్లు పెరుగలే, కండ్లు పోలే. గీయన పాణమే చిన్నగైంది సారూ,” అంది లచ్చవ్వ.

“నువ్వెన్నడన్న ఎక్కినవానే?” అని కసిరాడు మల్లయ్య. తర్వాత నా వైపు తిరిగి, “ఉగాదిలోపల ఎక్కకుంటే నా వంతు చెట్లు ఇంకొకలకిస్తరు సారూ,” అన్నాడు.

చదువు రానివారికి దువ్వెనలా మూడు పళ్లున్న గుర్తుల చార్టు చూపిస్తాం. పళ్లు ఎటు తిరిగి ఉన్నాయో వారు చేత్తో చూపాలి. మల్లయ్య చివరి వరుస దాకా తడబడలేదు. రెండు కళ్లూ 6/6, అంటే లోపం లేని చూపు. అద్దాలు రాయలేదు. కాని అతడు అబద్ధమాడుతున్నట్టూ తోచలేదు.

ఆదివారం సైకిల్ మీద వాళ్ల ఊరికి వెళ్లాను. గాలికి కూలిన తాటిమొద్దు ఒకటి చూపించి, ఎన్ని నిలువులు, అంటే ఎన్ని మనిషెత్తులని అడిగాను. “ఆరు,” అన్నాడు. టేపు పెడితే జానెడే తేడా. నిలబడి ఉన్న చెట్టును చూపిస్తే, “పదికి తక్కువుండదు,” అన్నాడు. అతని తమ్ముడు రాజయ్యను విడిగా అడిగితే ఏడున్నర అన్నాడు. రాజయ్యే టేపు కొస పట్టుకొని పైకెక్కాడు: ఏడు. ఆ కొలత మల్లయ్యకు చెప్పలేదు.

పడి ఉన్నదాన్ని సరిగా చూసిన కన్ను, ఎక్కవలసినదాన్ని మాత్రం పెంచి చూస్తోంది. డాక్టరుతో మాట్లాడి, కాలికి బలం వచ్చేలా ముందు పొట్టి ఈతచెట్లు ఎక్కమని చెప్పించాను.

రెండు నెలల తర్వాత, పాత అంకె గుర్తుండి చెప్పకుండా వేరే తాటిచెట్టు చూపించాను. “ఎనిమిది,” అన్నాడు. టేపు ఏడున్నర చెప్పింది. ఉగాదికి నాలుగు రోజుల ముందు నడుముకు మోకుతాడు బిగించి తన వంతు చెట్టే ఎక్కాడు. లచ్చవ్వ, నేను కింద నిలబడి చూశాం.

ఒక్క మనిషితో సిద్ధాంతం నిలవదు. చెట్టును పెంచింది భయమో, కాలి బలహీనతో నా టేపు తేల్చలేదు. అయితే ఆ తర్వాత, చార్టు బాగా చదివి కూడా చూపు తేడాగా ఉందన్నవారిని నేను ఇంటికి పంపెయ్యలేదు. “ఏం పని చేస్తావు? ఇప్పుడు చెయ్యగలుగుతున్నావా?” అని అడగడం నేర్చుకున్నాను.

తన చెట్టెక్కిన ఆ రోజు మొవ్వు దగ్గర నుంచి మల్లయ్య కేకేశాడు:

“సారూ! గీడికెల్లి సూస్తే మీరే చిన్నగైన్రు!”