ఎత్తు భుజాల చొక్కాలు

మా బావ దర్జీ. అక్కను చేసుకున్న పాపానికి నా చొక్కాలన్నీ ఆయనే కుడతాడు, కుట్టినప్పుడల్లా నా పొట్ట మీద ఓ మాట విసురుతాడు. చొక్కా ఒంటికి అతికినట్టు ఉండేది కాబట్టి నోరు మూసుకుని పడేవాణ్ణి.

అలాంటి మనిషి కొట్లో టీవీ పెట్టాడు. షట్టర్ ఎత్తింది మొదలు వార్తలే. ఎక్కడో ఏదో కూలుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. వద్దంటే, "లోకజ్ఞానం ఉండొద్దట్రా?" అనేవాడు. కొన్నాళ్లకు చొక్కాలు వెనక్కి రావడం మొదలైంది. మెడ దగ్గర గుడ్డ ఉబ్బుతోంది, ఛాతీ దగ్గర సంచిలా వేలాడుతోంది. తన చొక్కాలో ఇంకొకరికి చోటుందని, ఎవరినైనా చూసిపెట్టమని పక్కింటి మాస్టారు చెప్పి వెళ్లారు.

బావ కళ్లద్దాలు మార్చాడు, టేపు మార్చాడు. లాభం లేకపోయింది. చివరికి కత్తెర బల్లమీద పెట్టేసి, "నా చేతిలో పనితనం పోయిందిరా. కొట్టు మూసేస్తాను," అన్నాడు. ఆయన్ని ఏడిపించడానికే పుట్టానని నా నమ్మకం. ఆ మాటకు మాత్రం నాకే ఏడుపొచ్చింది.

మర్నాడు మాస్టారు మళ్లీ కొలతలివ్వడానికి వచ్చారు. అక్క టీ పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. టీవీలో ఏదో వంతెన విరగబోతోంది. మాస్టారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, భుజాలు చెవుల దాకా వెళ్లాయి. బావ కూడా ఓ కన్ను అటేసి, ఆ భుజాలనే కొలుస్తున్నాడు. అక్క వెళ్లి టీవీ కట్టేసింది. మాస్టారు ఊపిరి వదిలారు. భుజాలు దిగాయి, ఛాతీ చుట్టూ ఉన్న టేపు వదులై నడుం మీదికి జారింది.

"ఇంటికెళ్లి ఊపిరి వదిలాక చొక్కా వదులవక ఏమవుతుంది?" అంది అక్క.

బావ అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. "నేనూ రోజంతా వార్తలే చూస్తాను. మొన్న కుట్టుకున్న నా చొక్కా సరిగ్గానే ఉందిగా?"

నిజమే, అతికినట్టుంది. అక్క ఆయన వెనక్కి వెళ్లి, రెండు భుజాల మీదా చేతులు వేసి మెల్లగా నొక్కింది. టీవీ ఆగినా అవి ఇంకా పైనే ఉన్నాయి. కాసేపటికి దిగాయి. బావ మెడ దగ్గర గుడ్డ ఉబ్బెత్తున లేచింది.

అద్దంలో అది చూసుకుని బావ ఆ ఉబ్బును వేలితో నొక్కి చూశాడు.

"ఇవి ఎప్పట్నుంచే ఇలా పైన ఉన్నాయి?" అన్నాడు.

"టీవీ వచ్చినప్పట్నుంచి," అంది అక్క, చేతులు తీయకుండానే. "కదలకండి. ఒరేయ్, ఆ టేపు అందుకుని మీ బావ కొలతలు తియ్యి."